నువ్వు నిద్రలో ఉండగా

రామచంద్రపురం,
ఆదివారం రాత్రి

బుజ్జితల్లీ,

పోయిన వారం ఫోన్లో నువ్వు అడిగినవి మూడే ప్రశ్నలు. అమ్మమ్మగారింట్లో నేను ఎక్కడ పడుకునేదాన్ని? నువ్వు వెళ్ళేటప్పుడు నాకు చెప్పేదానివా? నేను ఏడ్చేదాన్నా? స్కీమా థెరపీ చేస్తున్న మీ థెరపిస్టు కళ్ళు మూసుకుని చిన్నప్పటి చోటికి వెళ్ళమంటే మండువా స్తంభం ఒకటీ, మిల్లులో వడ్లు ఉడికే వాసనా తప్ప ఏమీ అందడం లేదన్నావు. "ఎప్పటి మాటలే, గుర్తులేవు" అని దాటేశాను. అది అబద్ధం. అన్నీ గుర్తున్నాయి. చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న ద్రాక్షారామం వెళ్ళొచ్చాను. మామయ్య మండువా మీద రేకులు వేయించేశాడు గానీ స్తంభాలు అలాగే ఉన్నాయి. అడుగులతో కొలుచుకుని, ఇంటి నక్షా ఒకటి కాగితం మీద గీశాను. ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. పడమటి గదిలో కిటికీ కింద గుర్తు పెట్టాను చూడు, అక్కడ పడుకునేదానివి.

1990 జూన్‌లో నాకు మారేడుమిల్లి వైపు ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. నీకు రెండేళ్ళ తొమ్మిది నెలలు. మీ నాన్నది మిల్లు గుమాస్తా జీతం. ఏజెన్సీలో మలేరియా జోరుగా ఉన్న రోజులు, చంటిపిల్లతో కొండల్లోకి వెళ్ళడానికి ఇద్దరం జంకాం. నిన్ను అమ్మమ్మ దగ్గర ఉంచాం. ఇరవై రెండు నెలలు. రెండో శనివారం వచ్చినప్పుడల్లా రంపచోడవరం, గోకవరం, రాజమండ్రి మీదుగా బస్సులు మారి ఇల్లు చేరేసరికి చీకటి పడేది. సోమవారం పూట సెలవు పెట్టుకుని తెల్లారుజామున మొదటి బస్సుకి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. చెప్పేదాన్ని కాదు తల్లీ. మొదటిసారి చెప్పి వెళ్తే గుమ్మం దగ్గర నువ్వు పడి దొర్లి ఏడ్చావు. ఆ తర్వాత అమ్మమ్మ, "నిద్రలో ఉండగా వెళ్ళిపోవే, చూస్తే బెంగపెట్టుకుంటుంది" అంది. ప్రేమతోనే అంది. నేనూ ప్రేమ అనుకునే చేశాను. నువ్వు నా కొంగు గుప్పిట్లో పట్టుకుని పడుకునేదానివి. ఆ కొంగుని నీ వేళ్ళలోంచి మెల్లగా లాగి, దాని బదులు అమ్మమ్మ పాత చీర చెంగు పెట్టేదాన్ని. భీమేశ్వరస్వామి గుళ్ళో గంట మోగే వేళకి నేను బస్సులో ఉండేదాన్ని. నువ్వు లేచేసరికి చేతిలో వేరే చీర ఉండేది.

అలా ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టాను. పద్దెనిమిది.

ఏడ్చేదానివా అంటే, మొదటి నాలుగు నెలలు ఏడ్చావు. అయిదో నెలలో నేనొచ్చిన ఆదివారం రాత్రి నువ్వు పడుకోలేదు. కళ్ళు మూతలు పడుతున్నా లేచి కూర్చున్నావు, నన్నే చూస్తూ. ఎనిమిదో నెలలో నేను గుమ్మంలోకి రాగానే స్తంభం వెనక్కి వెళ్ళి గచ్చకాయలు ఆడుకుంటూ కూర్చున్నావు. నా దగ్గరికి రాలేదు. వెళ్ళేటప్పుడు ఏడవనూ లేదు. చుట్టుపక్కలవాళ్ళందరూ "ఎంత బుద్ధిమంతురాలమ్మా, పేచీ లేదు" అన్నారు. నేనూ పొంగిపోయాను. అందరం కలిసి నిన్ను మెచ్చుకున్నది ఏ పనికో ఇన్నేళ్ళకి ఆ థెరపీ గురించి నువ్వు పంపిన కాగితాలు చదివితే తెలిసింది. నీకు కనబడుతున్న స్తంభం అదే. ఉత్తరం వైపు నుంచి రెండోది.

ఆ కాగితాలు మూడుసార్లు చదివాను, పాఠం చెప్పబోయే ముందు చదివినట్టు. జెఫ్రీ యంగ్ అనే అమెరికా సైకాలజిస్టు ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ దగ్గర పనిచేసి, ఆ బెక్ మొదలుపెట్టిన, ఆలోచనల్ని సరిదిద్దే చికిత్స కొందరికి ఎందుకు సరిపోవడం లేదని వెతుక్కుంటూ వెళ్ళి ఈ పద్ధతి కట్టాడని రాసుంది. "నన్ను వదిలెయ్యరని బుద్ధికి తెలుసు, మనసు ఒప్పుకోదు" అనేవాళ్ళ కోసం అన్నమాట. నువ్వు నాతో అన్న మాట కూడా అదే కదూ. అల్లుడుగారు ఆఫీసు పని మీద వేరే దేశం వెళ్తే, ఆయన దిగి ఫోన్ చేసినా నీకు రాత్రంతా నిద్ర పట్టదు. ఎందుకు భయమని అడిగితే నీ దగ్గర కారణం ఉండదు. భయం మాత్రం ఉంటుంది.

స్కీమా అంటే చిన్నతనంలో మనసులో పాతుకుపోయిన తీరు. ఆ మాటకి నాకు తోచిన పోలిక చెప్తాను. మా చిన్నప్పుడు వానాకాలం బురదలో ఎడ్లబళ్ళు వెళ్తే గాడి పడేది. ఎండలు కాశాక అది రాయిలా గట్టిపడేది. ఆ తర్వాత ఏ బండి వచ్చినా, తోలేవాడు ఎటు తోలినా, చక్రం జారి ఆ గాడిలోనే పడేది. తప్పు బండిదీ కాదు, ఎద్దులదీ కాదు. నేల మెత్తగా ఉన్నప్పుడు పడ్డ గాడి అది. నీ నేల మెత్తగా ఉన్నప్పుడు నేను పద్దెనిమిదిసార్లు ఒకే దారిన నడిచాను. యంగ్ ఇలాంటివి పద్దెనిమిది రకాలు గుర్తించాడని చదివినప్పుడు, ఆ అంకె దగ్గర కాసేపు ఆగిపోయాను. అతని లెక్కకీ నా లెక్కకీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆగిపోయాను.

ఆ పద్దెనిమిదిలో మీ థెరపిస్టు నీ దగ్గర రెండింటి కింద గీత గీసిందన్నావు: దగ్గరివాళ్ళు వదిలేసి పోతారన్నది ఒకటి, నాకేం కావాలో ఎవరికీ పట్టదన్నది ఇంకొకటి. నాకైతే మూడోది కూడా కనబడుతోంది, తన సంగతి పక్కనబెట్టి అందరికీ చేసిపెట్టడం. తమ్ముడికి ఉబ్బసం వచ్చి మేము కాకినాడ ఆసుపత్రి చుట్టూ తిరిగిన ఏడాది, ఎనిమిదేళ్ళ దానివి, నీ జడ నువ్వే వేసుకుని, నాన్నకి అన్నం పెట్టి బడికెళ్ళావు. "పెద్దదానివి కదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటతో నీ చిన్నతనం ఎంత తీసేసుకున్నానో. ఇది మీ థెరపిస్టుకి చెప్పు, ఆవిడ ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది, లేకపోతే లేదు.

పిల్లలకి కావలసినవేమిటో ఆ కాగితాల్లో రాశారు. భద్రంగా అంటిపెట్టుకునే మనిషి, తన కాళ్ళ మీద తను నిలబడే ధైర్యం, మనసులో ఉన్నది చెప్పే స్వేచ్ఛ, ఆటపాటలు, హద్దులు. హద్దులూ, ధైర్యమూ నీకు కావలసినదానికన్నా ఎక్కువే ఇచ్చాను. మొదటిది అరకొరగా ఇచ్చాను. మూడోది ఇవ్వలేదు.

దెబ్బ తగిలిన మనిషి బతకడానికి మూడు దారులు పడతాడన్నది నాకు బాగా పట్టింది. లొంగిపోవడం, తప్పించుకోవడం, అతిగా ఎదురు తిరగడం. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళలో కూడా పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని బట్టి దారి మారుతుందట. తమ్ముడు అరిచి సాధిస్తాడు. నువ్వు తలుపేసుకుంటావు. హాస్టల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరాలు ఇంకా దాచాను, ఇరవై పైచిలుకు. అన్నింట్లోనూ "నేను బాగానే ఉన్నాను" అని మొదటి వాక్యం. ఇవాళ అవన్నీ వరసగా పరుచుకుని చూశాను. మనసుకి ఏమీ తగలకుండా అడ్డం నిలబడే కాపలా అని మీ థెరపిస్టు చెప్పింది చూడు, ఆ కాపలా చేతిరాత అది. అల్లుడుగారి మీద కోపం వస్తే మూడు రోజులు మాట్లాడకుండా ఆఫీసు పనిలో మునిగిపోతానన్నావే, అదీ ఆ కాపలానే. దాన్ని తిట్టుకోకు. నాలుగేళ్ళ పిల్లని అది కాపాడింది, కాపాడవలసినదాన్ని నేను లేనప్పుడు. కానీ ఇప్పుడది నీ ఇంట్లోకి నీ వాళ్ళనే రానివ్వడం లేదు.

ఒక చోట మాత్రం నాకు గుచ్చుకుంది. "శిక్షించే తల్లిదండ్రుల స్వరం" అని ఒకటి రాశారు. ఆ పేజీ మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చి చదివాక అర్థమైంది, అది నేనని కాదు, నీ లోపల నా గొంతుతో, ఇంకా ఎవరెవరి గొంతులతోనో మాట్లాడే ఒక భాగమని. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒకదాంట్లో ఆ స్వరాన్ని కూర్చోబెట్టి మాట్లాడమంటే నీకు నోరు రాలేదన్నావు. "అమ్మని అలా ఎలా అంటాను" అన్నావు. అను తల్లీ. ఆ కుర్చీలో కూర్చున్నది నిన్ను ఏడవద్దన్న మాట. దాన్ని లెమ్మను, బయటికి నడవమను. నాకేం తక్కువవదు. నీకు నా అనుమతి కావాలంటే ఈ ఉత్తరం చూపించు.

కళ్ళు మూసుకుని చేసే ఆ పని గురించి రెండు మాటలు. ఆ పాత దృశ్యంలోకి ముందు థెరపిస్టు వచ్చి పిల్ల పక్కన నిలబడుతుందనీ, తర్వాత తర్వాత పెద్దదైన నువ్వే లోపలికి వెళ్ళి ఆ పిల్లకి కావలసింది ఇస్తావనీ చెప్పావు. జరిగింది మారదు, దాని అర్థం మారుతుందన్నావు. నేను రాసిన వివరాలు నీ జ్ఞాపకాలు కావు. రెండేళ్ళ పిల్లకి ఆ వయసు సంగతులు గుర్తుండవు. అందుకని వీటిని చూసి "ఆ, గుర్తొచ్చింది" అని బలవంతంగా అనుకోకు. నీకు నిజంగా అందిన స్తంభం దగ్గరే మొదలుపెట్టు. కానీ అక్కడికి వెళ్ళినప్పుడు నా మీద జాలితో ఆ ఇంటిని మెత్తగా మార్చకు. అమ్మకి ఉద్యోగం కదా, అమ్మకి తప్పలేదు కదా అని నువ్వు ముందే నా తరఫున మాట్లాడతావు. అది నిజమే, తప్పలేదు. అయినా ఆ పిల్లకి ఆ లెక్కతో పనిలేదు. చెప్పి వెళ్ళడం మాత్రం నా చేతిలో పనే, ఉద్యోగం అడ్డం రాలేదు దానికి.

మీ థెరపిస్టు ఒక హద్దులో ఉండి నీకు అందని తల్లితనం కొంత అందిస్తుందన్నది విన్నప్పుడు, దాచడం ఎందుకు, నాకు అసూయ కలిగింది. నేను బతికుండగా ఎక్కడో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఇంకో ఆడమనిషి నా బిడ్డకి అమ్మ పని చేయడమేమిటని రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత తోచింది, అమ్మమ్మ పాత చీర నీ చేతిలో పెట్టినప్పుడు నేను నీకు అబద్ధం పెట్టాను. ఈమె తన చీరని తనదనే చెప్పి ఇస్తోంది. ఎన్ని గంటలకి వస్తుందో, ఎన్ని గంటలకి లేస్తుందో, సెలవులకి ఎప్పుడు వెళ్తుందో నీకు ముందే చెప్తోంది. ఆమె కిందటి నెల రెండు వారాలు సెలవు పెడితే నువ్వు తర్వాతి సెషన్ మానేశావు. చూశావా, ఆమె తిరిగి వచ్చేసరికి నువ్వు స్తంభం వెనక్కి వెళ్ళిపోయావు. ఈ మాట ఆమెతో చెప్పు. దాని కోసమే కదా ఆమె ఉన్నది.

అయిదు నెలలైంది, ఏమీ మారలేదు, మానేస్తానన్నావు. మానొద్దని చెప్పడానికి నీ కాగితాల్లోంచే రెండు లెక్కలు. నువ్వుంటున్న దేశంలోనే 2006లో వచ్చిన పరిశోధన: మనసు ఊగిసలాటతో, తెగిపోయే బంధాలతో బాగా నలిగిన 86 మందికి వారానికి రెండేసి సెషన్ల చొప్పున మూడేళ్ళు చికిత్స చేసి చూశారు. పోల్చిన రెండో పద్ధతికన్నా స్కీమా థెరపీలో ఎక్కువమంది కోలుకున్నారు, మధ్యలో మానేసినవాళ్ళు తక్కువ. 2014లో అక్కడే 12 చోట్ల 323 మందితో ఇంకొకటి, అది యాభై సెషన్లది. వాళ్ళ ఇబ్బందులు నీ ఇబ్బంది కంటే వేరు, పెద్దవి. ఈ అంకెలు నీకు హామీ అని చెప్పను. కానీ ఎంత కాలం పట్టే పనో వీటిని బట్టి తెలుస్తుంది. నీకు ఇంకా ఇరవై సెషన్లు కూడా కాలేదు. ఇరవై రెండు నెలలు పడ్డ గాడి ఇది, ముప్పై ఏళ్ళకి పైగా ఎండింది.

ఏమీ మారలేదన్నావు గానీ, నాకు ఒకటి కనబడింది. మొన్న వీడియోలో పాపని క్రెష్‌లో దింపడం చూపించావు. అది నీ కోటు పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మ వెళ్తోంది, నువ్వు పండు తిని, ఆడుకుని, నిద్రపోయి లేచాక వస్తుంది" అని చెప్పి, అది ఏడుస్తుండగానే లేచి, చెయ్యూపి వెళ్ళావు. నీ మొహం పాలిపోయింది. అయినా దొంగచాటుగా వెళ్ళలేదు. అది నీకెవరు నేర్పారు? నేనైతే కాదు.

నవంబరులో వస్తున్నాను. టికెట్లు తమ్ముడు తీశాడు. జనవరి పదకొండున తిరుగు ప్రయాణం, పొద్దున్నే విమానం, మూడున్నరకే ఇంట్లోంచి బయల్దేరాలట. అల్లుడుగారు "అత్తయ్యగారూ, పిల్లల్ని లేపొద్దు, నేను దింపేస్తాను" అంటారు, తెలుసు. ఆయన మంచితనం అది. కానీ నిన్ను లేపుతాను బుజ్జీ. పాపనీ లేపుతాను. ఏడిస్తే ఏడవండి ఇద్దరూ. నా కొంగు మీరు పట్టుకున్నంతసేపు నిలబడి, చెప్పే వెళ్తాను.

గోంగూర పచ్చడి ఈసారి వెల్లుల్లి తక్కువేసి పెట్టాను, పాప తింటుందని.

అమ్మ