గడ్డిబల్లిని తొండ అనకండి

సంపాదకులు గారికి,

జపాన్‌లోని మియాకో దీవుల గడ్డిబల్లి మీద మీరు వార్త వేసి పది రోజులైంది. ఎవరో ఒకరు రాస్తారు, మీరు సవరణ వేస్తారని చూశాను. రాలేదు. శీర్షికలోనే 'పచ్చ తొండ' అన్నారు. తొండది అగామిడే కుటుంబం, గడ్డిబల్లిది లాసెర్టిడే. మీరు వేసిన ఫొటోలోనే తేడా కనిపిస్తోంది: తొండ తల నిండా చిన్న పొలుసులుంటాయి, దీని తల మీద అటూఇటూ సరిజోడుగా పెద్ద పలకలున్నాయి. గడ్డిబల్లి పట్టుబడితే తోక వదిలేసి పారిపోతుంది, తోక మళ్లీ మొలుస్తుంది. ఆ తోక కూడా ఒంటికి రెండింతలు దాటి ఉంటుంది. ఇదే కుటుంబంలోని ఓఫిసాప్స్ అనే బల్లి మన మెట్ట నేలల్లో, తుప్పల మధ్య తిరుగుతుంది. లిజార్డ్ అన్న ఒక్క ఇంగ్లిషు మాటకు మనకు బల్లి, తొండ, ఉడుము, నలికండ్లపాము అని వేర్వేరు పేర్లున్నాయి. అన్నీ ఉండి తప్పుదాన్నే ఏరుకోవడం బాధ కలిగిస్తోంది.

ఇంతకన్నా పెద్ద తప్పు ఫొటో. అందులోని జీవికి పక్కలు గోధుమరంగు. అది జపాన్‌లోనే ఒకినావా, అమామి దీవుల వైపు ఉండే మరో గడ్డిబల్లి, టాకిడ్రోమస్ స్మరాగ్డినస్, మగది. మియాకోలో ఆడా మగా రెండూ పచ్చగానే ఉంటాయి. 1996లో టకేడా, ఓటా అనే శాస్త్రవేత్తలు ఈ మియాకో బల్లిని టాకిడ్రోమస్ టోయామై అని వేరు జాతిగా వర్ణించారు. రెండూ ఒకటే అనుకుంటే చాలా దీవుల్లో ఉన్న జీవిలా కనిపిస్తుంది. వేరు చేస్తే దానికి మియాకో దీవులు తప్ప మరో చోటు లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అది అంతరించే ముప్పున్న జాతి. ఎలుకల కోసం తెచ్చి వదిలిన జపాన్ వీజిల్ అనే చిన్న వేట జంతువు దాన్ని తింటోంది. మన దేశపు నెమలి కూడా అక్కడ అడవి పట్టి దానికి ముప్పయింది. మీ వార్తలో ఈ ఊసే లేదు.

శాస్త్రీయ నామాన్ని 'టోయామై టాకిడ్రోమస్' అని తిరగేశారు. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ముందు, జాతి తర్వాత. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ప్రజాతి పెద్దక్షరంతో మొదలవుతుంది, తెలుగులో పెద్దక్షరం లేదు కాబట్టి ఈ వరస ఒక్కటే పాఠకుడికి ఆధారం. వర్ణించినవారి పేర్లకు బ్రాకెట్లూ తగిలించారు. జాతిని తర్వాత మరో ప్రజాతిలోకి మార్చినప్పుడే బ్రాకెట్లు వేస్తారు. దీన్ని ఎవరూ మార్చలేదు.

పార్కుల బోర్డుల మీదా, గైడ్లలోనూ ఇవే పొరపాట్లు. అధికారులు సంతకం పెట్టే ముందు జంతుశాస్త్రం చదివిన ఒక్కరికి చూపించరు. పిల్లలు వాటినే పరీక్షల్లో రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు.

సరైన ఫొటోతో, సరైన పేరుతో సవరణ వేయండి. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో.

– ఒక పాఠకుడు, విజయనగరం