రెండు వరసలకొక గట్టు

చిరంజీవి శిరీషకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేము కులాసా. రోహిణి కార్తెకు రోళ్లు పగిలాయో లేదో తెలియదు గానీ, మేడమీద ట్యాంకులో నీళ్లు పొద్దున్న ఎనిమిదింటికే చెయ్యి పెట్టనివ్వడం లేదు. అమ్మ మోకాలు పర్వాలేదు.

ఇక అసలు సంగతి, నువ్వు కూర్చుని నడిపే గడ్డి కోసే బండి పచ్చికను సమంగా కోయక గట్లు గట్లుగా వదిలేస్తోందన్నావు కదా. ఆదివారం నువ్వు ఫోను పట్టుకుని ఆ బండి చుట్టూ తిరుగుతూ చూపించినంతసేపూ నాకు కనిపించినవి నీ చెప్పులు, గ్యారేజీ పైకప్పు. “ఇలా కుదరదు నాన్నా, కాగితం మీద రాయి, గోడకు అంటించుకుంటాను” అన్నావు. మంచి మాట. రాస్తున్నాను. పేజీలు ఫొటోలు తీసి పంపడం అమ్మ వంతు.

నువ్వు పంపిన పచ్చిక ఫొటో మాత్రం బాగా పనికొచ్చింది. దాన్ని పెద్దది చేసుకుని దడి పొడుగునా లెక్కపెట్టుకుంటూ వచ్చాను. గడ్డి గట్టులా లేచిన చోట్లు ఆరేడు అడుగులకొకటి ఉన్నాయి. నీ బండి కోత వెడల్పు 42 అంగుళాలు. అంచు మీద అంచు కాస్త ఎక్కించి నడుపుతావు కాబట్టి వరసకు మూడడుగుల పైచిలుకు వేసుకుందాం. అంటే వరసకొక గట్టు కాదు, రెండు వరసలకొక గట్టు. కీలకం అక్కడే ఉంది. నువ్వు దడి వైపు పోతూ ఒక వరస, తిరిగి వస్తూ పక్క వరస కోస్తావు. బ్లేడ్లను కప్పి ఉంచే ఆ రేకు గుల్ల, అదే డెక్కు, కుడివైపు కిందికి ఒరిగిందనుకో. పోయేటప్పటి కుడి అంచు, వచ్చేటప్పటి కుడి అంచు పక్కపక్కన పడతాయి, అక్కడ పల్లం. ఆ తరవాత ఎడమ అంచులు రెండూ ఒకచోట చేరతాయి, అక్కడ గట్టు. బ్లేడు మొద్దుబారితే గడ్డి చెడుతుంది గానీ ఇంత లెక్కగా చెడదు. వరస నడిమధ్య గడ్డంలా ఒక చార మిగిలిపోతూ ఉంటే అది వేరే రోగం, దాని సంగతి కింద రాస్తాను.

డెక్కు ఒరిగిందన్నాను కదా అని వెంటనే డెక్కు మీద పడకు. 1991లో అనుకుంటాను, డిపోలోకి ఒక బస్సు ఎడమవైపు ఒరిగి వచ్చింది. కమాను పట్టీ విరిగిందని డ్రైవరు అన్నాడు, నేనూ నమ్మాను. అప్పటికి నాకు ఉద్యోగంలో మూడేళ్లు, తెలియనిది ఏదీ లేదనుకునే వయసు. ఒక పగలంతా పట్టీలు విప్పాము. ఒక్కటీ విరగలేదు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోతున్న పెద్ద మేస్త్రి ఆగి, ఇనుప ఊచ తీసుకుని వెనక టైర్ల మీద ఒక్కొక్క దెబ్బ వేశాడు. బయటి టైరు ఖంగుమంది. లోపలి టైరు మెత్తటి బస్తాలా చప్పుడు చేసింది. జంట టైర్లలో లోపలిది గాలి దిగి ఉంది, బయటిది బరువు మోస్తూ దాన్ని కనపడనివ్వలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఊచ నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

కాబట్టి నువ్వు కూడా మొదట టైర్లు చూడు. కారు టైర్లలా కాదు, ఈ బండి టైర్లలో గాలి చాలా తక్కువ ఉంటుంది. సాధారణంగా ముందువాటికి 14 పౌన్లు, వెనకవాటికి 10 పౌన్లు. నీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత. ఇంత తక్కువ గాలిలో నాలుగు పౌన్లు తగ్గినా కంటికి నిండుగానే కనిపిస్తుంది, కానీ బండి ఆ వైపు కుంగుతుంది, డెక్కు దానితో పాటే కుంగుతుంది. కారుకు వాడే గాలి మీటరు అంత అడుగున సరిగ్గా చూపదు, తక్కువ గాలి కొలిచే చిన్నది కొనుక్కో. కారుకు పెట్టే పంపుతో గాలి కొట్టేటప్పుడు కొంచెం కొంచెంగా కొట్టు, క్షణంలో ఎక్కువైపోతుంది.

గాలి సరిచేశాక ఒక వరస పోతూ, ఒక వరస వస్తూ కోసి చూడు. గట్టు పోతే ఈ ఉత్తరం ఇక్కడే మడిచెయ్యవచ్చు.

పోకపోతే అప్పుడు డెక్కు. అల్లుడు గారు శనివారం రెండువైపులా నట్లు బిగించారని చెప్పావు. ఆయన శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ రెండువైపులా సమానంగా బిగిస్తే డెక్కు మొత్తం పైకి లేస్తుంది, ఒరుగు ఒరుగుగానే ఉంటుంది. మంచానికి ఒక కోడు పొట్టిగా ఉందని నాలుగు కోళ్ల కిందా ఇటుకలు పెట్టినట్టు. సరిచేయవలసింది ఒకవైపే, అదీ కొలిచాక.

కొలిచే ముందు తాళం తీసి జేబులో వేసుకో. స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీసి పక్కకు పెట్టు. చేతులకు మందపాటి తొడుగులు వేసుకో. ఈ మూడూ చేశాకే డెక్కు కిందికి చెయ్యి పోనివ్వాలి. నడుస్తున్నప్పుడు ఆ బ్లేడు నిమిషానికి సుమారు 3,000 సార్లు తిరుగుతుంది. ఇంజను ఆగి ఉన్నా ఒక బ్లేడును కదిపితే బెల్టు లాగి రెండోది కదులుతుంది, అది మరిచిపోకు.

ఆదివారం నువ్వు బండి నిలిపిన చోటు నాకు నచ్చలేదు. ముందు చక్రాలు గ్యారేజీ గచ్చు మీద, వెనకవి బయటి వాకిలి మీద ఉన్నాయి. ఆ రెండూ కలిసే దగ్గర చిన్న దిగుడు ఉంది, నిరుడు నేను అక్కడున్నప్పుడు చీపురు కట్ట దానికే తట్టుకునేది. నాలుగు చక్రాలూ ఒకే గచ్చు మీద ఉండాలి. రసమట్టం పెట్టి చూస్తే మరీ మంచిది. కోసే ఎత్తు ఎప్పుడూ వాడే గంటు మీదే ఉంచు.

ఇప్పుడు రెండు బ్లేడ్లనూ అడ్డంగా తిప్పు, ఎడమ కొసా కుడి కొసా బయటికి చూసేలాగ. ఎడమ బ్లేడు బయటి కొస నుంచి నేలకు ఎంత ఉందో, కుడి బ్లేడు బయటి కొస నుంచి ఎంత ఉందో కొలువు. తేడా అంగుళంలో ఎనిమిదో వంతుకు మించకూడదు. మించితే, డెక్కును వేలాడదీసే కడ్డీకి ఉన్న నట్టును ఒకవైపు మాత్రమే పానాతో అర చుట్టు తిప్పి, మళ్లీ కొలువు. ఒకేసారి మూడు చుట్లు తిప్పి తరవాత వెతుక్కోవద్దు.

తరవాత బ్లేడ్లను నిలువుగా, అంటే ఒక కొస ముందుకీ ఒక కొస వెనక్కీ చూసేలాగ తిప్పు. ముందు కొస వెనక కొస కంటే కాస్త కిందికి ఉండాలి, ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం దాకా. అది లోపం కాదు, కావాలని పెట్టిన వాలు. ముందు కొస కోసేస్తే వెనక కొస తేలికగా పైనుంచి పోతుంది. వెనక కొస కిందికి ఉంటే కోసిన గడ్డినే మళ్లీ కోస్తూ ఇంజను రొప్పుతుంది. ఇక్కడ కూడా నీ బండి పుస్తకంలోని అంకే ప్రమాణం, నాది కాదు.

ఇక ఆ ఓక్ చెట్టు వేరు సంగతి. బ్లేడు దానికి కొట్టుకుందని నువ్వు నాకు చెప్పలేదు, బుజ్జిగాడు చెప్పాడు. ఇంజను ఆగిపోయేంత దెబ్బ తగిలితే బ్లేడు వంగి ఉండవచ్చు. ఒక కొసకు సుద్ద గుర్తు పెట్టి, నేలకు ఎంత ఉందో కొలువు. బ్లేడును అర చుట్టు తిప్పి, రెండో కొసను సరిగ్గా అదే చోటికి తెచ్చి కొలువు. రెండు అంకెల మధ్య ఎనిమిదో వంతు కంటే ఎక్కువ తేడా ఉంటే వంపు ఉన్నట్టే. కొత్త బ్లేడు వేశాక కూడా అంతే తేడా వస్తే వంగింది బ్లేడు కాదు, దాన్ని తిప్పే ఇరుసు. బ్లేడు కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే లొటలొట ఆడితే బేరింగు పోయింది. ఆ రెండు పనులూ బాగుచేసే దుకాణానికే వదిలెయ్యి. వంగిన బ్లేడును సుత్తితో సాగగొట్టి వాడదామని మాత్రం ఎవరూ అనకూడదు. ఎవరూ అంటే అల్లుడు గారూ అని.

నడిమి చార సంగతి. రెండు బ్లేడ్ల కొసలు కలిసేచోట కోత ఒకదానిపై ఒకటి ఎక్కాలి. కొసలు అరిగి గుండ్రబడితే ఆ మధ్య గడ్డి తప్పించుకుంటుంది. బెల్టు సాగి బ్లేడు వేగం తగ్గినా, నువ్వు బండిని పరుగెత్తించినా అదే జరుగుతుంది. ఇంజను పూర్తి వేగంలో ఉండాలి, బండి నెమ్మదిగా పోవాలి. నువ్వు తిరగేసి చేస్తున్నావని నాకు అనుమానం.

గడ్డి కొసలు పశువు పీకినట్టు తెల్లబడి, రెండో రోజుకు గోధుమరంగుకు తిరిగితే సాన పోయిందన్నమాట. బ్లేడు విప్పి ఆకురాయితో పాత వాలునే అనుసరించి రుద్దు, మంగలి కత్తిలా చేయనక్కరలేదు. గోడకు మేకు కొట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని దానికి తగిలించు. ఏ వైపు దిగితే ఆ వైపు ఇంకాస్త రుద్దు. మళ్లీ బిగించేటప్పుడు బ్లేడు కొసల దగ్గర వంచి ఉన్న రెక్కలు డెక్కు వైపు, అంటే పైకి ఉండాలి. డెక్కు లోపల ఎండిన గడ్డి పిడకల్లా అంటుకుని ఉంటుంది, గీకెయ్యి. గాలి ఆడకపోతే గడ్డి లేచి నిలబడదు, నిలబడని గడ్డిని ఏ బ్లేడూ సమంగా కోయదు. తడి గడ్డి కోయకపోతే ఈ బాధ సగం ఉండదు.

డెక్కు అంచున ఉన్న చిన్న చక్రాలు డెక్కును మోసేవని నిరుడు నేను అనుకున్నాను. కాదట. అవి నేలకు పావు నుంచి అరంగుళం పైన ఉండి, గడ్డ తగిలినప్పుడు మాత్రమే ఆనాలి. నేను అక్కడున్నప్పుడు వాటిని కిందికి దించి వచ్చాను. చూసి పైకి ఎత్తు.

మీ ఫెస్క్యూ గడ్డిని మూడు, నాలుగు అంగుళాల ఎత్తున ఉంచు. ఒక కోతకు మూడో వంతు కంటే ఎక్కువ తియ్యకు. కాలనీ సంఘం వాళ్లు నోటీసు పంపారని నేలబారుగా గొరగకు.

బుజ్జిగాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నడిపిన వీడియో పంపావు. చూడటానికి ముచ్చటగానే ఉంది, ఇక వద్దు. ఈ బండి నడపడానికి 16 ఏళ్లు నిండాలని అక్కడి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లే చెబుతారు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అసలే కూడదంటారు. బండి నడుస్తున్నంతసేపూ వాడు ఇంట్లోనే ఉండాలి. ముఖ్యంగా నువ్వు వెనక్కి తోలేటప్పుడు.

నాలుగు టైర్ల గాలి, రెండు కొసల కొలతలు కాగితం మీద రాసి ఫొటో పంపు. వీడియో వద్దు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. గోడకు అంటించేటప్పుడు మంచం కోళ్ల మాట ఉన్న పేజీ లోపలివైపు ఉండేలా చూసుకో.