న్యూయార్క్ కంటే ముందు ఎల్లోస్టోన్ చూద్దాం, నాన్నగారూ

సాల్ట్‌లేక్ సిటీ,
యూటా.

నాన్నగారికి నమస్కారాలు. అమ్మా, ఎలా ఉన్నావు? ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం.

మీ ఇద్దరికీ వీసా వచ్చిన దగ్గర్నుంచి అందరూ తలా ఒక చోటు చెప్తున్నారు. డాలస్ పిన్ని నయాగరా అంటోంది. న్యూజెర్సీ మావయ్య అయితే న్యూయార్క్, వాషింగ్టన్ తిప్పే పూచీ తనదేనన్నాడు. వాటికి నేనేమీ అడ్డు చెప్పను. కానీ మాకున్న సెలవుల్లో మిమ్మల్ని నింపాదిగా ఒక్క చోటికే తీసుకెళ్లగలిగితే, ఎల్లోస్టోన్‌కే తీసుకెళ్తాను. మొన్న ఫోన్లో ఈ మాట ఎత్తగానే "అడవీ కొండలూ చూడ్డానికి అంత దూరం రావాలటే? మారేడుమిల్లి వెళ్తే సరిపోదూ?" అన్నావు కదమ్మా. దానికి జవాబు ఫోన్లో రెండు ముక్కల్లో తేలదు. అందుకే ఈ ఉత్తరం. ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ మా ఊరి నుంచి ఉత్తరంగా కారులో ఐదారు గంటల దూరం. ఎక్కువ భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉంది, అంచులు మోంటానా, ఐడహోల్లోకి వెళ్తాయి. మొత్తం దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత పశ్చిమ గోదావరి జిల్లా కంటే పెద్దది. పైకి చూస్తే పైన్ చెట్ల అడవి, పచ్చిక మైదానాలు, పెద్ద సరస్సు. అసలు సంగతంతా కింద ఉంది. 6,40,000 ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతం పేలింది. లోపలున్న శిలాద్రవం బయటికి పోయేసరికి పైనున్న నేల కుంగిపోయి, సుమారు 70 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. ఇప్పుడు జనం వచ్చి దిగే హోటళ్లు కొన్ని ఆ గొయ్యి లోపలే ఉన్నాయి. అమ్మా, ఇది చదివి టెన్షన్ పడకు. ఇక్కడ లావా చివరిసారి పారి 70,000 ఏళ్లయింది. నేల ఏ కాస్త కదిలినా పసిగట్టే పరికరాలు పార్కంతా పెట్టి శాస్త్రజ్ఞులు కనిపెట్టుకునే ఉంటారు.

నాన్నగారూ, మీకు పంగిడి క్వారీలు గుర్తుండే ఉంటాయి. ఆ నల్లరాయి చూపించి, ఇది ఒకప్పుడు కరిగి పారిన లావా అని మీరు చెప్తే మేం నమ్మలేదు. దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి మన రాజమండ్రి ప్రాంతానికి చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. మన దగ్గర అదంతా ఎప్పుడో చల్లారిపోయింది. ఎల్లోస్టోన్‌లో ఆ వేడి ఇంకా కాళ్ల కిందే ఉంది. మీరు పాఠంలో చెప్పినదాన్ని మీకే చూపించాలని నా కోరిక.

వేడినీటి బుగ్గలు, బుడబుడమనే బురద గుంటలు, ఆవిరి చిమ్మే కన్నాలు అన్నీ కలిపితే 10,000 పైనే ఉన్నాయి. నీళ్లు పైకి చిమ్మే గీజర్లే 500 దాటి ఉన్నాయి. ప్రపంచంలో ఉన్న గీజర్లలో దాదాపు సగం ఇక్కడే. వాననీరు, కరిగిన మంచు నేలలోకి దిగి లోతున వేడి రాళ్ల దగ్గర కాగుతాయి. పైనున్న నీటి బరువు వల్ల 100 డిగ్రీలు దాటినా అక్కడ మరగవు. గీజర్ గొంతు ఎక్కడో ఒకచోట బాగా ఇరుగ్గా ఉంటుంది. బుడగలు ఆ ఇరుకులోంచి కొద్ది నీటిని పైకి నెట్టి ఒలకబోయగానే అడుగున ఒత్తిడి తగ్గుతుంది. అంతే, అక్కడి నీరు ఒక్కసారిగా ఆవిరైపోయి, మిగతా నీటిని ఆకాశంలోకి తోసేస్తుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుందని మీరు తొమ్మిదో తరగతిలో చెప్పారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి.

ఆ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ముందు బెంచీల మీద కూర్చోవడమే ఒక అనుభవం. ఎప్పుడు లేస్తుందో ముందే బోర్డు మీద రాసి పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. అంతకు ముందుసారి ఎంతసేపు చిమ్మిందో చూసి లెక్క కడతారు. తక్కువసేపు చిమ్మితే మళ్లీ త్వరగా లేస్తుంది, ఎక్కువసేపు చిమ్మితే గంటన్నర ఆగాలి. మొదట కొద్దికొద్దిగా ఎగిరి ఊరిస్తుంది. జనమంతా లేచి నిలబడతారు, అది మళ్లీ అణిగిపోతుంది. ఎవరో ఒకరు ఫోన్ జేబులో పెట్టేసుకుంటుండగా నిజంగా లేస్తుంది. ఒక్కోసారి 30 మీటర్లు, ఒక్కోసారి 50 దాటి. గాలి మనవైపు తిరిగితే గంధకం వాసనతో గోరువెచ్చని తుంపర మొహం మీద పడుతుంది. పోయినసారి మా వెనక బెంచీలో ఒక పెద్దావిడ "వచ్చేసింది, వచ్చేసిందర్రా" అని గట్టిగా అరిచింది. వాళ్లది భీమవరమట.

ఇంతవరకు చెప్పింది పోస్టర్ల మీద కనిపించేదే. నేను మిమ్మల్ని తీసుకెళ్లాలనుకుంటున్నది ముఖ్యంగా గ్రాండ్ ప్రిస్మాటిక్ స్ప్రింగ్ కోసం. అది దాదాపు 100 మీటర్ల వెడల్పున్న వేడినీటి మడుగు. నడిమధ్య చూపు తిప్పుకోలేనంత నీలం. దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగు వలయాలు. ఫొటో చూసి ఎవరైనా కంప్యూటర్‌లో రంగులు పూశారనుకుంటారు. దగ్గరికి వెళ్లి చెక్క వంతెన అంచున వంగి చూడండి. నేల మీద మన రేవు మెట్లకి పట్టే పాచిలాంటి పొర ఉంటుంది, దాని మీంచి పలచగా వేడినీళ్లు జారుతుంటాయి. ఆ పొర అంతా కంటికి కనపడని సూక్ష్మజీవులు. నారింజ రంగు వాటిదే, పసుపు రంగు వాటిదే. నడిమధ్య నీరు 87 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పాచి పెరగదు, అందుకే ఉత్త నీలం. నీరు అంచుల వైపు పారేకొద్దీ చల్లారుతుంది. ఎంత వేడికి తట్టుకునే జీవులు అంత దూరంలో బతుకుతాయి. ఒక్కో రంగూ ఒక్కో ఉష్ణోగ్రతన్నమాట. వేసవి ఎండకి అవి తమను కాపాడుకోవడానికి నారింజ, ఎరుపు రంగు పదార్థాలు ఎక్కువగా తయారు చేసుకుంటాయి. చలికాలంలో పచ్చదనం ఎక్కువ. అంటే మీరు జులైలో చూసే మడుగు, జనవరిలో ఉండే మడుగు రంగులో ఒకటి కాదు.

దీన్ని గురించి నాకింత పట్టుదల ఎందుకంటే, 2021లో మీ ఇద్దరికీ ముక్కులోంచి శాంపిల్ తీసుకుని కోవిడ్ పరీక్ష చేశారు కదా, రిపోర్టు వచ్చేదాకా నేనిక్కడ కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నాను. ఆ ఆర్టీ-పీసీఆర్ పరీక్షకి దారి వేసింది ఈ పార్కులోని ఒక వేడి బుగ్గే. 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఇక్కడి మష్రూమ్ స్ప్రింగ్ అనే బుగ్గలోంచి థర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. అంత వేడి నీటిలో ఏ ప్రాణీ బతకదని అప్పట్లో అనుకునేవారు. పీసీఆర్‌లో డీఎన్‌ఏ నకళ్లు కోట్లలో తీస్తారు. అందుకు దాని రెండు పోగుల్నీ విడదీస్తూ మాటిమాటికీ 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. నకళ్లు తీసే మామూలు ఎంజైమ్ ఆ వేడికి పాడైపోతుంది, ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ పాడవదు. 1983లో ఈ పద్ధతి కనిపెట్టిన కేరీ మల్లిస్‌కి 1993లో నోబెల్ ఇచ్చారు. బ్రాక్ ఆ బుగ్గ దగ్గరికి వెళ్లింది ఏ మందు కోసమో కాదు, వేడినీళ్లలో ఏం బతుకుతుందో తెలుసుకుందామని. ఆయన వెళ్లేనాటికి ఆ బుగ్గ చెక్కుచెదరకుండా ఉండబట్టి అది సాధ్యమైంది. ఎవరైనా తవ్వి స్నానాల హోటల్ కట్టేసి ఉంటే? 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఇది ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్క్ అయింది. ఆ సంతకం చేసిన రోజున దీనిలో ఇంత ఉందని ఎవరికీ తెలియదు.

ఇక ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆ చట్టం వచ్చే నాటికి అక్కడ మనుషులు లేకపోలేదు. షోషోనీ, క్రో, బ్లాక్‌ఫీట్ వంటి తెగలవాళ్లు వేల ఏళ్లుగా అక్కడ తిరిగినవాళ్లే. అబ్సిడియన్ క్లిఫ్ అనే కొండలో దొరికే నల్లటి గాజురాయితో చేసిన పనిముట్లు ఎక్కడో ఒహాయో దాకా చేరాయి. పార్కు వచ్చాక కొండ గొర్రెలను వేటాడి బతికే షోషోనీ వాళ్లని అక్కడ నుంచి పంపించేశారు. వాళ్లని గుర్తుచేసే షీప్‌ఈటర్ క్లిఫ్ అనే చోట నల్లరాయి స్తంభాలు వరసగా పేర్చినట్టు ఉంటాయి. నాన్నగారూ, అది మన పంగిడి రాయి జాతే, బసాల్ట్. అక్కడ కాసేపు ఆగుదాం.

అమ్మా, మార్నింగ్ గ్లోరీ పూల్ సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. రైలు గోదారి బ్రిడ్జి ఎక్కగానే చిల్లర తీసి నీళ్లలో వేసి దణ్ణం పెట్టుకుంటావు కదా. ఈ మడుగు చూస్తే నీ చెయ్యి తప్పకుండా పర్సులోకి వెళ్తుంది, అంత అందంగా, పువ్వు విచ్చుకున్నట్టు ఉంటుంది. కానీ వెయ్యకూడదమ్మా. ఏళ్ల తరబడి జనం నాణేలూ చెత్తా వేయడం వల్ల అడుగున వేడినీరు వచ్చే దారి పూడుకుపోయి మడుగు చల్లబడింది. ఒకప్పుడు అంతా ముదురు నీలమేనట, ఇప్పుడు అంచుల నుంచి పసుపు, నారింజ లోపలికి పాకాయి. 1950లో దాన్ని కావాలనే ఉబికించి శుభ్రం చేస్తే నాణేలతో పాటు చేతిరుమాళ్లు, సీసాలు, డబ్బాలు కూడా బయటపడ్డాయి. గోదారిలో వేసింది ప్రవాహంలో పోతుంది, ఇక్కడ వేసింది గొంతులో ఇరుక్కుంటుంది. దణ్ణం పెట్టుకో, చిల్లర దాచుకో.

చెక్క వంతెన దిగి అడుగు కూడా పక్కకి వేయకూడదు. పైకి గట్టిగా తెల్లగా కనిపించే నేల ఒక్కోచోట పలచటి పెంకు, దాని కింద మరిగే నీళ్లు. మాట వినకుండా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. బుడ్డోడి చెయ్యి నేను పట్టుకుంటాను, మీరు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోండి.

రోడ్ల మీద బైసన్లు అడ్డంగా వచ్చి నిలబడతాయి. అడవి దున్న అనుకోండి, పెద్ద మగది 900 కిలోల దాకా ఉంటుంది. ఒకప్పుడు ఈ ఖండంలో కోట్లలో ఉన్నవాటిని వేటాడి వేటాడి, 1902 నాటికి ఈ పార్కులో రెండు డజన్ల దాకానే మిగిల్చారు. ఇప్పుడు మళ్లీ వేలల్లో ఉన్నాయి. అవి రోడ్డు దాటే వరకు కార్లన్నీ ఆగుతాయి, ఎవరూ హారన్ కొట్టరు. కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలని రూలు. ఎలుగుబంటికీ తోడేలుకీ 91 మీటర్లు. నాన్నగారూ, ఫొటో కోసం కారు దిగుతానంటే ఒప్పుకోను.

దారిలో ఐసా లేక్ అనే చిన్న కలువల కొలను ఉంది. ఎవరూ పెద్దగా ఆగరు. అక్కడ నిలబడితే ఖండం నడుమ గట్టు మీద నిలబడ్డట్టే. ఆ కొలనులోంచి తూర్పు వైపు దిగే నీళ్లు వంపులు తిరిగి పడమటనున్న పసిఫిక్ మహాసముద్రానికి వెళ్తాయి, పడమటి వైపు దిగేవి మిస్సోరీ, మిసిసిపీల మీదుగా తూర్పున గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి. మ్యాపు తెచ్చుకుంటే మీరే వేలితో గీసి చూసుకోవచ్చు. 94 మీటర్ల లోయర్ ఫాల్స్, పసుపుపచ్చ రాతి లోయ కూడా చూపిస్తాను. ముందు నయాగరాకి వెళ్లిన వాళ్లు ఈ జలపాతాన్ని చూసి ఏమంటారో వాళ్లనే అడుగుదాం.

ఒక చోట చెట్లన్నీ ఒకే ఎత్తున, ఒకే వయసువి కనిపిస్తాయి. 1988 వేసవిలో మంటలు అంటుకుని పార్కులో మూడో వంతు పైగా కాలింది. లాడ్జ్‌పోల్ పైన్ కాయలు కొన్ని జిగురుతో మూసుకుపోయి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, మంట వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. ఆ మంటలకి మొలిచిన చెట్లే అవి.

ఇక ప్రయాణం సంగతి. చలికాలంలో చాలా రోడ్లు మూసేస్తారు, కాబట్టి జులై అయితే నయం. అప్పుడు కూడా తెల్లవారుజామున వణికిస్తుంది, స్వెటర్లు, మంకీ క్యాపు తప్పనిసరి. ఎత్తు ఎక్కువ కాబట్టి నాన్నగారి బీపీ గురించి డాక్టరుగారిని ముందే అడగండి, మాత్రలు నాలుగు నెలలకి సరిపడా తెచ్చుకోండి. చెక్క వంతెనలు చాలావరకు చదునుగానే ఉంటాయి, అమ్మ మోకాళ్లకి ఇబ్బంది ఉండదు. గ్రాండ్ ప్రిస్మాటిక్‌ని పైనుంచి చూడ్డానికి మాత్రం ఒక చిన్న మెరక ఎక్కాలి, మధ్యమధ్యలో ఆగుతూ వెళ్దాం. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో వంటగది ఉన్న ఇల్లు చూస్తున్నాను, భోజనానికి బెంగ లేదు. ఎలుగుబంట్లు తిండి వాసన పట్టేస్తాయి కాబట్టి ఆవకాయ సీసాతో సహా ఏదీ రాత్రి బయట వదలకూడదు.

ఇళ్లు త్వరగా నిండిపోతున్నాయి. జులై మొదటి వారమా, ఆఖరి వారమా, ఈ ఆదివారం ఫోన్లో చెప్పేస్తే బుక్ చేసేస్తాను. షూ మాత్రం అక్కడే కొనుక్కుని రోజూ గోదారి గట్టు మీద నాలుగడుగులు వేయండి, పాదాలకి అలవాటవుతాయి. బుడ్డోడు తాతగారికి గీజర్ బొమ్మ వేశాడు, ఇందులో పెడుతున్నాను.

మీ పెద్దమ్మాయి