ఖాళీ కుర్చీ గురించి పాపకు

చిత్తూరు

పాపా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసెయ్యడం లేదు కదా నాయనా, రిటైరైనవాళ్ల పోస్టులు నింపకుండా వదిలేస్తే ఎవరికి నష్టం?" అన్నావు. తిరుపతిలో ఎకనామిక్స్ చదివే పిల్లవి, జీతాల, పెన్షన్ల భారం నీకు తెలుసు. ఆ భారం లేదని నేనూ అనను. కానీ అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

మా రికార్డు రూం చూసుకునే ఆయన నీకు గుర్తున్నాడా? చిన్నప్పుడు నువ్వు ఆఫీసుకొస్తే ఫైళ్లకు కట్టే ఎర్ర నాడాతో నీ జడకు కుచ్చు వేసేవాడు. ఆయన రిటైరయ్యి రెండేళ్లు కావొస్తోంది. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఏ ఏడాది కట్ట ఏ బీరువాలో ఉందో అంతా ఆయన తలలోనే ఉండేది. ఇప్పుడు ఆ తాళంచెవి నా సొరుగులో ఉంది. నా సీటు పని, పక్క సీటు ఇన్‌చార్జి, వాటికి తోడు ఇది.

పోయిన నెల పుంగనూరు వైపు నుంచి ఒక ముసలాయన పాత భూమి కాగితం నకలు కోసం మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ఆయనా నేనూ టార్చిలైటు పెట్టుకుని కట్టలు దించాం. దుమ్ముకు దగ్గు ఆగక ఆయన గడప మీదే కూలబడ్డాడు. ఆ రోజు కూడా కాగితం దొరకలేదు. ఆయన బస్సు చార్జీలు, పోయిన మూడు రోజుల కూలి ఏ బడ్జెట్ లెక్కలోకీ రావు పాపా.

నా బాధ ఒక్కటే. ఏ కుర్చీ ఖాళీ కావాలో తేల్చేది పుట్టిన తేదీ, పని కాదు. జనం ఎక్కువగా వచ్చే సీటే ఖాళీ కావచ్చు, పనిలేని చోట ఇద్దరు మిగలొచ్చు. కేంద్రంలో 2001లో ఇలాగే, నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో మూడోవంతే నింపాలని పెట్టారు. 2009 దాకా అదే నడిచింది. మన దగ్గర 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయినప్పుడు ఉన్నవాళ్లనే పంచారు. ఆ ఏడాది రిటైర్మెంటు వయసు 60 నుంచి 62 చేశారు గనక కొన్నాళ్లు ఖాళీలు పెద్దగా పడలేదు, ఇప్పుడు వరసగా పడుతున్నాయి. తగ్గించాలనుకుంటే ముందు ఏ సీటులో ఎంత పనుందో లెక్క చూడాలి. ఎవరూ చూడలేదు, అదే తప్పంటాను.

వచ్చే ఏడాది నేనూ దిగిపోతా. అందుకే రోజూ సాయంత్రం ఒక్కో బీరువా తెరిచి, ఏ కట్ట ఎక్కడుందో నోటుబుక్కులో రాస్తున్నా. ఇప్పటికి నాలుగు బీరువాలయ్యాయి. ముసలాయన ఫోన్ నంబరు అట్ట మీదే రాసుకున్నా. దసరా సెలవులకు వచ్చినప్పుడు రెండు రోజులు నాతో ఆఫీసుకు రా, నీ దస్తూరీ బాగుంటుంది, బీరువాల మీద నంబర్లు రాద్దువు.

మీ నాయన