హిమేజీ కోట ప్రయాణం గురించి నాలుగు మాటలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన తెలుగు బడి పిల్లల్ని రెండు జట్లుగా ఇక్కడ జపాన్‌లోని హిమేజీ కోటకి తీసుకెళ్లి వచ్చిన రాత్రి మొదలైన వాట్సాప్ చర్చ ఇంకా సాగుతూనే ఉందని విన్నాను. "అంత దూరం తీసుకెళ్లి సగం మంది పిల్లల్ని పైకి ఎక్కించకుండానే తీసుకొచ్చేశారట" అని కదా మీ బాధ. నిజమే, రెండో జట్టు తెన్షు, అంటే కోటలోని ప్రధాన మేడ, లోపలికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో గ్రూపులో ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కోబెలోని సన్నోమియా స్టేషన్‌కి చెప్పిన టైముకి వచ్చింది సగం మందే. అనుకున్న రైలు పోయింది, దాని తర్వాతదీ పోయింది. ఈ దేశంలో ఆఫీసుకి ఒక్క నిమిషం ఆలస్యం కాని మనం, ఆదివారం తెలుగు బడి అనేసరికి ఎందుకో తీరుబడిగా బయల్దేరతాం. సరే, అదీ సర్దుకున్నాం. తెన్షు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, సంచిలో పెట్టుకుని, సాక్సులతో పైకి వెళ్లాలని ముందే రాసి పంపాను. ఫొటోల్లో బాగుండాలనేమో, చాలామంది పిల్లలకు చీలమండ దాకా లేసులున్న కొత్త బూట్లు తొడిగి పంపారు. మొదటి జట్టులో మూడు, నాలుగు తరగతుల పిల్లలు కాలు ముందుకు చాపి నిలబడిపోయారు. "లేసులు ఇంట్లో అమ్మే విప్పుతుంది" అన్నారు. వెనక క్యూ అంతా ఆగింది. దిగి వచ్చాక మళ్లీ కట్టే కార్యక్రమం. రెండో జట్టు వంతు వచ్చేసరికి తిరుగు ప్రయాణం టైమైంది. అన్నం కలిపి నోట్లో పెట్టడం మీ ముచ్చట, నేనేమీ అనను. లేసు కట్టుకోవడం మాత్రం దయచేసి నేర్పండి.

పైకి వెళ్లనివాళ్లు ఏదో పోగొట్టుకున్నారని మాత్రం నేను ఒప్పుకోను. తెన్షు ఎదురుగా ఉన్న బిజెన్‌మారు ఆవరణలో కూర్చుని వాళ్లు గీసిన బొమ్మలు బడిలో గోడకి అంటించాను, వచ్చి చూడండి. ఒకబ్బాయి గోడల్లోని కన్నాలను ఆకారాల వారీగా గీశాడు: గుండ్రం, ముక్కోణం, చతురస్రం తుపాకులకు, నిలువుగా పొడుగ్గా ఉన్నవి బాణాలకు. ఆరో తరగతి అమ్మాయి ఒకతె బయట నుంచి ఐదు అంతస్తుల్లా కనిపించే ఆ మేడకి లోపల ఆరు అంతస్తులూ ఒక నేలమాళిగా ఉన్నాయని బోర్డు చదివి తెలుసుకుని, పైనుంచి వచ్చిన మొదటి జట్టుని "మీరు ఎన్ని ఎక్కారు?" అని అడిగింది. ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు! ఇంకొకడు హో అనే ద్వారం పక్కన సున్నం లేని మట్టిగోడ దగ్గర ఆగిపోయాడు. ఆ మట్టిని జిగురు బియ్యం గంజితో కలిపి దిమ్మిస చేశారని చెబుతారు. "గంజితో గోడా?" అని వాడు తడిమి తడిమి చూస్తుంటే, అక్కడి నుంచి కదిలించడం మా తరం కాలేదు.

ఇక నా ప్రాణానికి ప్రాణమైన సంగతి. ఇకెదా తెరుమాసా అనే ప్రభువు 1601 నుంచి 1609 దాకా కట్టించిన ఈ కోటలో ముందుండే పెద్ద హిషి ద్వారం దాటాక వరసగా వచ్చే ద్వారాల పేర్లు ఇ, రో, హ, ని, హో. ఇవి ఇరోహా పద్యంలోని మొదటి అక్షరాలు. జపనీస్ అక్షరాలన్నీ ఒక్కొక్కసారే వచ్చేలా అల్లిన పాత పద్యం అది. ఒకప్పుడు ఇక్కడి పిల్లలు దానితోనే రాత నేర్చుకునేవాళ్లు. శత్రువుని ఆపే తలుపులకు అక్షరాలు పేర్లుగా పెట్టుకున్నారంటే ఎంత ముచ్చటగా ఉందో చూడండి! మన ఐదో తరగతి అమ్మాయి ఆ ద్వారాలన్నింటికీ తన నోట్సులో అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టి, దారి మలుపులతో సహా మ్యాపు గీసింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. హిరగానా, కతకానా, కంజీ అనే మూడు జపనీస్ లిపులూ గడగడా రాసే పిల్లలు సొంత అమ్మమ్మ పేరు తెలుగులో రాయలేకపోవడం వాళ్ల తప్పు కాదు. వాళ్లకి ఇంట్లో తెలుగు అక్షరం కనిపించాలి కదా? ఫ్రిజ్ మీద సరుకుల చీటీ తెలుగులో రాయండి. పాలు, ఉల్లిపాయలు, కొత్తిమీర, అంతే. మీ వాట్సాప్ చర్చ మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో సాగిందని తెలిసి, ఆ ఫిర్యాదుల కంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. ఈ కోటలో ఎప్పుడూ పెద్ద పోరు జరగలేదని టీచరు చెబితే, ఒకడు "మరి ఇన్ని మలుపులెందుకు దండగ?" అన్నాడు. రెండో తరగతి చిన్నది వెంటనే "ఇన్ని ఉన్నాయి కాబట్టే ఎవరూ రాలేదు" అంది. టీచరు నోరు మెదపలేదు.

రెండో జట్టుని సాకురా (చెర్రీ పూల కాలం) అయ్యాక మళ్లీ తీసుకెళ్తాం. లేసులు సొంతంగా కట్టుకునేవాళ్లకే, లేదా లేసుల్లేని బూట్లతో వచ్చినవాళ్లకే ప్రవేశం. రైలు ఎవరి కోసమూ ఆగదు, ఈసారి మేమూ ఆగం.

ఉగాది నాటకం రిహార్సల్స్ వచ్చే ఆదివారం నుంచి. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వండి. కోటలో దొరికిన ఎర్ర మఫ్లరు, ఒక చేతి గ్లోవు, పులిహోర డబ్బా మూత నా బల్ల మీద ఉన్నాయి, ఎవరివో వచ్చి తీసుకోండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు