అబ్బాకు గుసుల్ చేయించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మా అబ్బా (నాన్న) చనిపోయిన రాత్రి గుసుల్, అంటే ఖననానికి ముందు చేయించే స్నానం, ఎలా చేయించాలో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మసీదుకు కబురు పెడితే, ఇషా (రాత్రి) నమాజు అవగానే మీరు వచ్చారు. పేరు రాయడం మీకు నచ్చదు కాబట్టి రాయడం లేదు.

రేగాకులు వేసి కాచిన నీళ్లు ముందు మీ మణికట్టు మీద పోసుకుని చూశారు. బతికున్న మనిషి ఓర్చుకునేంత వేడే ఉండాలన్నారు. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా కప్పిన గుడ్డను ఒక్కసారీ జారనివ్వలేదు. చేతికి బట్ట చుట్టుకుని దాని కిందే శుభ్రం చేశారు. వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే పద్ధతి) చేయించి, ముందు కుడి పక్క, తర్వాత ఎడమ పక్క, 3 సార్లు కడిగారు. చివరి నీళ్లలో కర్పూరం కలిపారు. పొట్టను గట్టిగా నొక్కకూడదని మా తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎంత మెల్లగా నిమరాలో చూపించారు. అబ్బాకు నొప్పి తెలుస్తుందన్నట్టే ఉంది ఆ జాగ్రత్త.

అబ్బాకు చుట్టడానికి మేం తెచ్చిన గుడ్డ పొట్టిదైంది. తల వైపూ కాళ్ల వైపూ లిఫాఫా (అన్నిటికన్నా బయటి గుడ్డ) మిగలకపోతే ముడి పడదు. ఎవరినీ ఒక్క మాట అనకుండా మసీదులో ఉంచిన కఫన్ (శవానికి చుట్టే బట్టలు) తెప్పించారు. లిఫాఫా, దానిమీద ఇజార్ (లోపలి గుడ్డ), ఆపైన ఖమీజ్ (చొక్కాలాంటిది) పరిచారు. ఎడమ అంచు ముందు మడిచి, కుడి అంచు పైకి తెచ్చారు.

జనాజా (అంత్యక్రియల) నమాజులో రుకూ (నడుం వంచడం), సజ్దా (నుదురు నేలకు ఆనించడం) ఉండవని, 4 తక్బీర్లూ (“అల్లాహు అక్బర్” అనడం) నిలబడే చెప్పాలని, రెండోదాని తర్వాత దరూద్ (ప్రవక్తకు దీవెనలు కోరడం), మూడోదాని తర్వాత దువా (పోయినవాళ్ల కోసం ప్రార్థన) అని మా పిల్లలకు మక్తబ్‌లో (మతపాఠాల బడిలో) చెప్పినంత ఓపికగా చెప్పారు.

డబ్బు ముట్టుకోలేదు. జజాకల్లాహు ఖైర్ (అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి), చాచా.