ముఖానికి స్టెరాయిడ్ క్రీములా?

సంపాదకులకు నమస్కారం.

పెళ్లికి ముందు రంగు తేలాలని మా మేనకోడలు మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ట్యూబును రెండు నెలలు రాసుకుంది. మొదట నిగనిగలాడిన ముఖం, మానేసిన వారానికే ఎర్రగా కంది, మొటిమలు లేచి, ఎండ తగిలితే మండసాగింది. పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉంది. మొదటిది స్టెరాయిడ్, అంటే వాపును, ఎర్రదనాన్ని అణచే మందు; రెండోది చర్మపు నలుపును తగ్గించేది, మూడోది పైపొర త్వరగా రాలేలా చేసేది. ఇలాంటి పైపూత స్టెరాయిడ్లకు వైద్యుని చీటీ ఉండాలని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్ నిబంధన వర్తింపజేసినా, షాపులో అడిగినవారు లేరు.

రంగు తేలుస్తామనే క్రీముల్లో కొన్నింటిలో పాదరసమూ ఉంటుంది. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు పాదరసం కలిపిన క్రీములను నిషేధించాయి. లోపల ఏముందో తెలియాలి కనుక తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బాను, ఎంత చవకైనా, కొనకూడదు. ఎండమచ్చలకు భయపడేవారికి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, మామూలు మాయిశ్చరైజర్ మేలు. చీటీ లేని అమ్మకాలపై ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలు చేయాలని మనవి.

— ఒక పాఠకురాలు, గుంటూరు